ఇంట్లో కుట్టిన సంచికీ కూలి ఉంది
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం సభ్యురాలి ప్రసంగం)

మైకు ముందు మాట్లాడటం నాకిదే మొదలు. తప్పులుంటే మన్నించండి.

2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని దేశమంతా నిషేధించారు. ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచటి ప్లాస్టిక్ సంచులూ వాడొద్దన్నారు. మా సంఘంలో నలుగురికి మిషను కుట్టడం వచ్చు. పాత చీరలతో గుడ్డ సంచులు కుడదామని మొదలుపెట్టాం.

పని కష్టమేం కాదు. మందపాటి నూలు చీరను ఉతికి ఇస్త్రీ చేయండి. 34 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు ముక్క కత్తిరించండి. పొట్టి అంచులు రెండూ అంగుళంన్నర మడిచి కుట్టి, ముక్కను సగానికి మడిచి పక్కలు కుడితే సంచి అయినట్టే. పిడులకు 22 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు పట్టీలు రెండు తీసుకుని, నాలుగు మడతలు వేసి కుట్టాలి. ఐదున్నర మీటర్ల చీర బాగుంటే పిడులతో సహా 12 సంచులొస్తాయి. చిరుగులుంటే తగ్గుతాయి.

మొదట్లో మేం పిడిని ఒక్క వరస కుట్టుతో అతికించాం. దుకాణానికి 40 సంచులిస్తే, బియ్యం వేయగానే పిడులు ఊడాయని అన్నీ వెనక్కి పంపారు. సిగ్గుతో తలెత్తుకోలేకపోయాం. కుట్లన్నీ విప్పి మళ్లీ కుట్టాం. ఇప్పుడు పిడి చివర చదరంగా కుట్టి, దాని మీద ఇంటూ మార్కులా రెండు కుట్లు వేస్తాం. ఐదు కిలోల బియ్యం పోసి ఎత్తి చూశాకే ఇస్తాం.

అక్కా, అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. లెక్క సంగతి.

సంచికి గుడ్డ 6 రూపాయలు, దారం, కరెంటు 2 రూపాయలు. 12కి అమ్మి, 4 రూపాయలు లాభమని సంబరపడ్డాం. గంటకు మూడు సంచులు, ఎనిమిది గంటలకు 24. అంటే రోజంతా వంగి కుడితే 96 రూపాయలు! 2024-25లో మన ఉపాధి హామీ కూలి రోజుకు 300. అందులో మూడో వంతు కూడా లేదు.

"ఇంట్లో నీడపట్టున కుట్టేదానికి కూలేంటే?" అన్నాడు మా ఆయన. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను. కానీ నడుం నొప్పికి నీడా ఎండా తేడా తెలియదు కదమ్మా!

300 కూలి రావాలంటే సంచికి కూలే 12 రూపాయల 50 పైసలు. ఖర్చు 8, సంఘం నిధికి రూపాయిన్నర. మొత్తం 22. ఆ ధరకు దుకాణం వాళ్లు వద్దన్నారు. మేం పెళ్లిళ్లకు తాంబూలం సంచులు కుట్టిస్తామని ఇల్లిల్లూ తిరిగాం. కొత్త గుడ్డ వాళ్లే తెచ్చుకుంటారు, మేం కుట్టుకూలి తీసుకుంటాం. ఆర్డర్లు నెలనెలా రావు, మూఢంలో అసలుండవు. కానీ వచ్చిన పనికి కూలి గిడుతోంది.

నేనడిగేది ఒక్కటే. సంచైనా, అప్పడాలైనా, ఊలు తోరణమైనా, చేసిన గంటలు సంఘం పుస్తకంలో రాయండి. ధర తర్వాత చెప్పండి. మన కష్టానికి మనమే లెక్క కట్టకపోతే కొనేవాళ్లు కడతారా?