బొమ్మను ఎక్కడ నిలబడి చూడాలి?

రాతి మీద ఉలి పెట్టే ముందు దాని చుట్టూ తిరిగి రమ్మని మా గురువుగారు చెప్పేవారు. ఆయన పేరిట జరుగుతున్న ఈ సభలో అదే మాటను చూసేవాళ్ల వైపు నుంచి చెప్పాలనుకుంటున్నాను. మనిషి రూపాన్ని చెక్కే శిల్పి, ఆ రూపాన్ని చూసేవాడు ఎక్కడ నిలబడతాడో కూడా ముందే లెక్క వేసుకుంటాడు. ఆ చోటు వెతుక్కోవడమే శిల్పాన్ని ఆస్వాదించడంలో మొదటి పని అని నా నమ్మకం.

ఈ సంగతి చెప్పడానికి శంషాబాదు కంటే తగిన ఊరు నాకు తోచదు. ఆ ఊరి దగ్గరి ముచ్చింతలలో 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించిన రామానుజుల పంచలోహ విగ్రహాన్ని 216 అడుగులదని అందరం చెప్పుకుంటాం. అందులో భద్రవేదిక 54 అడుగులు, పద్మపీఠం 27 అడుగులు. మిగిలిన 135 అడుగులు ఆయన సన్యాస దండమైన త్రిదండం కొస వరకు. కూర్చున్న మూర్తి 108 అడుగులే. అంటే ఆ ఎత్తులో సరిగ్గా సగమే శరీరం. వేదిక అంచున నిలబడి తలెత్తితే మోకాళ్లు, జోడించిన చేతులు ముందుకొచ్చి ముఖం వెనక్కి జరిగిపోతుంది. ఇంతింత విగ్రహాలు చేసేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కే ఇది. అందుకే నేను వచ్చినవాళ్లను ముందు దూరంగా తీసుకెళతాను. ఎత్తుకు కనీసం రెండింతల దూరం పోతే భుజాలకూ నడుముకూ ఉన్న పొందిక, వెన్ను నిటారుగా నిలిచిన తీరు తెలుస్తాయి. అక్కడి నుంచి మెల్లగా దగ్గరికి రావాలి.

ఆ వేదిక లోపలే అదే మహనీయుడి బంగారు మూర్తి ఉంది. ఎత్తు 54 అంగుళాలు. ఆయన జీవించారని సంప్రదాయం చెప్పే 120 ఏళ్లకు గుర్తుగా 120 కిలోల బంగారంతో చేశారు. బయటి మూర్తిని చూసిన కంటితోనే లోపలి మూర్తిని చూస్తే లాభం లేదు. బయటిది దారిన పోయేవాడికి దూరం నుంచే ఒక ఆనవాలు. లోపలిది ఎదురుగా కూర్చున్న మనిషి. రామానుజులు జీవించి ఉండగానే ఆయన రూపాన్ని చేయించారని, శ్రీపెరుంబుదూరులోని మూర్తిని ఆయనే ఆలింగనం చేసుకున్నారని భక్తులు చెప్పుకుంటారు. ఆలింగనానికి అందే కొలతలో చేసిన రూపానికీ, ఆకాశంలోకి లేపిన రూపానికీ ముఖం ఒకటే అయినా శిల్పి చేయవలసిన పని వేరు.

ఆ తర్వాత అదే శంషాబాదు పక్కన, నర్కుడ దగ్గరి అమ్మపల్లి గుడికి వెళ్లండి. దాని గోపురాన్నీ కోనేరునూ సినిమాల్లో చాలామంది చూసే ఉంటారు. 13వ శతాబ్దం నాటిదని చెప్పే ఆ గుడి గర్భాలయంలో సీతారామలక్ష్మణుల మూర్తులు, వాటిని చుట్టిన దశావతారాల మకరతోరణం అన్నీ ఒకే నల్లరాతిలో ఉన్నాయి. నాకు చేతులు జోడించాలనిపించేది భక్తితోనే కాదు. ఒకే రాయి అంటే పొరపాటుకు తావు లేదు. తోరణంలో చిన్న అవతారం చెక్కుతుండగా రాయి చిట్లితే ముగ్గురి మూర్తులూ పోతాయి. అక్కడ నిలబడే చోటు కూడా ఒకటే: ఎదురుగా, గడప ఇవతల. వెనక్కి వెళ్లి చూసే వీలులేదు కాబట్టి శిల్పి లోతునంతా ముందువైపే కూరుస్తాడు. నల్లరాయి వెలుతురును మింగేస్తుంది. నునుపు చేసిన చోట మాత్రమే దీపం మెరిసి ముక్కు, చెక్కిలి, భుజం ఒక్కొక్కటిగా బయటపడతాయి. కన్ను చీకటికి అలవాటు పడే దాకా ఆగకపోతే ఆ శిల్పం మనకు దక్కదు. హారతి కళ్లకద్దుకుని వెంటనే బయటికి నడిచేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

రామప్ప గుడిలో సంగతి తలకిందులు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిలో మదనికలనే స్త్రీ మూర్తులు బయట, చూరు కింద, ముందుకు వాలి ఉంటారు. కింద నిలబడ్డవాడికి కాళ్లు కురచగా కనబడకూడదనే సన్నగా పొడుగ్గా సాగదీశారని నా అభిప్రాయం. ఒక మదనిక ఎత్తు మడమల పాదరక్షల ఫొటో తీసుకుని వెళ్లిపోతారు గానీ, తుంటి ఎటు ఒరిగింది, ఆ ఒరుగుకు భుజం ఎటు జవాబిచ్చింది అని చూసేవారు తక్కువ.

అమరావతి స్తూపాన్ని చెక్కిన శిల్పులు నిలబడేవాడిని కాక నడిచేవాడిని లెక్కపెట్టారు. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న నలగిరి ఏనుగు ఫలకాన్ని తీరిగ్గా చూడండి. గుండ్రటి చట్రంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఎడమవైపు వీథిలో మనుషుల్ని తొక్కుతోంది. కుడివైపు బుద్ధుడి ముందు మోకరిల్లింది. పైన కిటికీల్లో జనం తొంగి చూస్తున్నారు, భయంతో స్త్రీలు పక్కవాళ్లను పట్టుకున్నారు. స్తూపానికి ప్రదక్షిణ చేసేవాడు దాని చుట్టూ ఉన్న రాతి కంచె లోపలి ముఖం వైపు తిరిగితే నడక ఎడమ నుంచి కుడికే సాగుతుంది. కథ కూడా అటే నడుస్తుంది. భయంలోంచి శాంతిలోకి కాళ్లతో వెళ్లడమన్నమాట. 1845లో బ్రిటిష్ అధికారి ఇలియట్ అక్కడ తవ్వించిన రాళ్లు ఆ తర్వాత లండనుకూ చేరాయి. గోడకు బిగించిన రాళ్ల ముందు నడకను మనమే గుర్తుచేసుకోవాలి.

మన కాలంలో మనిషి బొమ్మకు పని అయిపోయిందనే మాట కళాశాలల్లో తరచు వింటాను. 1956లో సూర్యాపేటలో పుట్టి విశాఖలో పనిచేసిన జి. రవీందర్ రెడ్డి ఫైబర్‌గ్లాసుతో చేసిన స్త్రీల తలలు చూసినవారు ఆ మాట అనరు. ముడిలో పూలు, బంగారు పూత, రెప్ప వేయని పెద్ద కళ్లు. మన సంతలో, బస్టాండులో కనబడే ముఖాలే అవి. అమ్మవారి విగ్రహానికి ఉండే చూపు వాటికుంది. ఆ తలల ముందు దూరం జరిగినా, దగ్గరికి వచ్చినా ఆ కళ్లు తగ్గవు. వెనక్కి వెళితేనే కొప్పు అల్లిక కనిపిస్తుంది. కాబట్టి చుట్టూ తిరగాల్సిందే.