తీగలేని డ్రిల్లు – ఎన్నిక, వాడుక



కేంద్రప్రభుత్వోద్యోగి సంసారమునకు బదిలీ తప్పనిది. సామాను కట్టుట, క్రొత్త ఊరిలో క్రొత్త క్వార్టరులో విప్పుట అలవాటైన పనులే. పెట్టెలు విప్పిన మరునాడు చూపు గోడలమీదికి పోవును. దేవుని పటము తగిలింపవలెను. గడియారమునకు చోటు చూడవలెను. కిటికీలకు తెరల కడ్డీలు కావలెను. స్నానాలగదిలో అద్దము నిలువవలెను. సుత్తితో కొట్టిన మేకు వంగిపోవును. దిగినచో పూత పెచ్చులూడును. వడ్రంగిని పిలిచినచో నాలుగు కన్నములకై నాలుగు దినములు ఎదురుచూడవలసి వచ్చును. అందుచేతనే బ్యాటరీతో నడచు తీగలేని డ్రిల్లు నేడు పెక్కు ఇండ్లలో కుట్టుమిషను సరసన చేరుచున్నది.

అంగడికి పోయినవారికి మాత్రము తికమక తప్పదు. ఒక పెట్టెమీద 12 వోల్టులనియు, ఒకదానిమీద 18 అనియు, మరియొకదానిమీద 20 అనియు వ్రాసియుండును. పెద్ద అంకె గలదే మేలైనదని తలచి కొనువారు కలరు. డ్రిల్లును పెట్టెమీది అంకెనుబట్టి కాక, ఇంటి గోడనుబట్టి ఎన్నుకొనవలెననుటయే ఈ ప్రసంగ సారాంశము.

చేతబట్టి వాడదగిన విద్యుత్ డ్రిల్లును 1895లో జర్మనీలోని స్టుట్‌గార్టు నగరమున ఫైన్ సంస్థవారు తయారుచేసిరి. తుపాకిపిడియు, వ్రేలితో నొక్కు మీటయు గల డ్రిల్లునకు అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ 1917లో పేటెంటు పొందెను. ఆ సంస్థయే 1961లో తీగలేని డ్రిల్లును వెలువరించెను. పదేండ్ల తరువాత, 1971లో, అపోలో 15 వ్యోమగాములు బ్యాటరీ డ్రిల్లుతో చంద్రుని నేలను తొలిచిరి. నేలలోని ఉష్ణమును కొలుచు సాధనములకై సుమారు 3 మీటర్ల లోతున కన్నములు కావలసియుండెను. డేవిడ్ స్కాట్ ఎంత శ్రమపడినను తొలుచు గొట్టము అనుకొన్న లోతునకు దిగలేదు. గొట్టపు ముక్కలు కలియుచోట మరచుట్ల గాడి తెగిపోయి, తొలిచిన మన్ను పైకి రాలేకపోయినది. గొట్టమును సవరించి 1972లో అపోలో 16లో వాడగా పని సుకరమయ్యెను. యంత్రము ఎంతటిదైనను కన్నము చేయునది దాని ముందున్న బిట్టే అని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

ఇక గోడల సంగతి. కఱ్ఱకు, ప్లైవుడ్డునకు, పలుచని ఇనుపరేకునకు గుండ్రముగా తిరుగు మామూలు డ్రిల్లు చాలును. ఇటుకగోడకు అది చాలదు. తిరుగుచునే ముందుకు వెనుకకు వేగముగా పొడుచు హ్యామర్ డ్రిల్లు కావలెను. ఇనుపకడ్డీలతో పోసిన కాంక్రీటునకు ఇదియు కష్టమే. లోపలి ముషలకము గాలిని నొక్కి, ఆ ఒత్తిడితో బిట్టును బలముగా కొట్టు రోటరీ హ్యామర్ అను వేరొక యంత్రము దానికి తగినది.

పెక్కుమంది గమనింపని విషయమొకటి కలదు. గది గోడ ఇటుకతో కట్టినదైనను, కిటికీ పైభాగమున సాధారణముగా కాంక్రీటు లింటెల్ ఉండును. తెరల కడ్డీకి కన్నము పెట్టవలసినది సరిగా అచ్చటనే! గడియారమునకు సులువుగా కన్నము చేసిన డ్రిల్లు కిటికీపైన మొరాయించును. అది డ్రిల్లు దోషము కాదు. మరింత గట్టిగా నొక్కినచో బిట్టు కాలి మొద్దుబారును. లింటెల్ కిటికీకి ఇరుప్రక్కల కొంతమేర గోడలోనికి పోయియుండును. కడ్డీని ఆ హద్దుదాటి బిగించుటయో, ఆ రెండు కన్నములకు రోటరీ హ్యామర్ తెప్పించుటయో మేలు.

వోల్టుల అంకెలో దాగిన మర్మము చిన్నది. లిథియం బ్యాటరీలో ఒక్కొక్క గడి 3.6 వోల్టులది. మూడు గడులు చేర్చిన 10.8, దానినే 12 అని అమ్ముదురు. ఐదు గడులు చేర్చిన 18. నిండుగా చార్జి అయిన క్షణమున అది 20 చూపును గనుక 20 అని వ్రాయుదురు. కావున 18కిని 20కిని భేదము లేదు. పటములు, మరలు, కఱ్ఱపని మాత్రమే ఉన్నచో తేలికయైన 12 వోల్టులది చాలును. ఇటుకగోడలలో తరచుగా పనియున్నచో 18 వోల్టుల హ్యామర్ డ్రిల్లు తగును. ఆంపియర్-అవర్ అను అంకె బ్యాటరీలోని నిలువను తెలుపును. ఇంటిపనికి 2 చాలును. పెద్ద బ్యాటరీ ఒకటి కొనుటకంటె చిన్నవి రెండు కొనుట మేలు. ఒకటి పనిచేయుచుండగా రెండవది చార్జి అగును.

ఒక సంస్థ బ్యాటరీ సాధారణముగా వేరొక సంస్థ డ్రిల్లునకు అమరదు. అందుచేత బదిలీలు గల ఉద్యోగి పలు నగరములలో మరమ్మతు కేంద్రములును, విడి బ్యాటరీలును దొరకు సంస్థను ఎన్నుకొనవలెను. బొగ్గు బ్రష్షులు లేని మోటారు కొంత ఖరీదైనను అరుగుదల తక్కువ. మరలకు మందగతి, కన్నములకు వేగము కావలెను గనుక రెండు గేర్లుండవలెను. మర బిగిసిన వెంటనే పట్టు వదలు క్లచ్చి వలయము తప్పనిసరి. కొనుటకు ముందు డ్రిల్లును భుజము ఎత్తున ఒక నిమిషము పట్టి చూడవలెను. ఇంటిలో దానిని వాడువారందరి చేతికిని ఆ బరువు తగవలెను.

ఉపకరణముల విషయమున నూరు ముక్కల చవుక పెట్టెకంటె పది మంచి బిట్లు మిన్న. గోడకు టంగ్‌స్టన్ కార్బైడు మొన గల 6, 8 మిల్లీమీటర్ల బిట్లు. ఇనుమునకు హైస్పీడ్ ఉక్కు బిట్లు. కఱ్ఱకు నడుమ సూదిమొన గలవి. మరలకు అయస్కాంతపు పిడితో ప్లస్ బిట్లు. లోతును నిర్ణయించు కడ్డీ – ఇవి యున్న ఇంటి అవసరములు చాలవరకు తీరును. ప్లాస్టిక్ ప్లగ్గు ఎంత లావో బిట్టు అంతే ఉండవలెను. కన్నము ప్లగ్గుకంటె కొంచెము లోతుగా ఉండవలెను. టైలును తొలుచునపుడు హ్యామర్‌ను ఆపి, గుర్తుపై కాగితపు టేపు అంటించి, మెల్లగా తిప్పవలెను. లేనిచో టైలు పగులును.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. గోడలోపల 230 వోల్టుల తీగలుండును. స్విచ్చిబోర్డునకు నేరుగా పైన గాని, క్రింద గాని, వరుసలో ప్రక్కన గాని కన్నము పెట్టరాదు. స్నానాలగదిలో కొళాయి వరుసలను విడువవలెను. తీగ గల డ్రిల్లునకు కరెంటు ఉండక తప్పదు; తీగలేని డ్రిల్లునకు ఆ నిర్బంధము లేదు. పగటివేళ మెయిన్ స్విచ్చి ఆపివేసి పని చేయవచ్చును. ఈ యంత్రము ఇచ్చు వరములలో ఇదియే గొప్పది. దీనిని వాడుకొనువారు మాత్రము అరుదు. కండ్లకు అద్దములు, ముక్కునకు గుడ్డ ఉండవలెను. పైటకొంగును దోపుకొనవలెను, జడను ముడివేసికొనవలెను.

బ్యాటరీని ఎండలోను, మూసిన కారులోను ఉంచరాదు. విమానప్రయాణమున డ్రిల్లును పెద్ద సామానులో వేసి, విడి బ్యాటరీని కొనలు కప్పి చేతిసంచిలో ఉంచుకొనవలెను. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించిన వాట్-అవర్లు వచ్చును. 18 వోల్టులు, 2 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 36 అగును. సాధారణ హద్దు 100. చెడిన బ్యాటరీని చెత్తలో పారవేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములనుబట్టి వానిని వేరుగా సేకరించువారికి అప్పగింపవలెను.

ఏడాదికి ఎన్నియో గంటలు పనిచేయు యంత్రము కాదిది. కావున ఇంటింట చిన్న డ్రిల్లున్నను, బరువైన రోటరీ హ్యామర్‌ను నాలుగు కుటుంబములు కలసి కొనుట వివేకము. క్వార్టరు నేడు ఒకరిది, రేపు మరియొకరిది. గోడలకు కన్నములు పెట్టుటకు ముందు నిర్వహణ కార్యాలయపు నియమములను తెలిసికొనుట, ఇల్లు విడుచునపుడు ఆ కన్నములను పుట్టీతో పూడ్చుట గృహస్థధర్మము. తరువాత వచ్చు గృహిణి తన దేవుని పటము తగిలించుటకు నిలిచినపుడు ఆమె యెదుట నున్నని గోడ ఉండవలెను.