పాత గిటారు బేరము

(గత ఆదివారము సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పిల్లల సంగీత శిక్షణను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను విద్వాంసుడను కాను. తాతగారి కాలమునుండి ఈ బరంపురమున బట్టల వ్యాపారము చేయుచున్న ఇంటివాడను. నా చదువు మెట్రిక్‌తో ముగిసినది. కావున రాగతాళముల జోలికి పోక, నాకు తెలిసిన బేరమును గూర్చియే మనవి చేసెదను. అదియు ఒకసారి దెబ్బతిని నేర్చుకొన్న బేరమే.

మా చిన్నవాడు గిటారు కావలెనని రెండేండ్లు పోరుపెట్టెను. వీణ, వయొలిను ఉండగా ఈ పరదేశపు వాద్యమెందుకని నేను వాదించితిని. వయొలిను మాత్రము ఎక్కడిదని వాడు ప్రశ్నించినపుడు నాయొద్ద జవాబు లేకపోయినది. తుదకు ఒక దుకాణమున పాత క్లాసికల్ గిటారు నొకదానిని 2,000 రూపాయలకు కొంటిని. మెరుగు చూచితిని, ధర చూచితిని, మఱేమియు చూడలేదు. మూడు నెలలు తిరుగకుండగనే తంత్రులను పట్టియుంచు గుఱ్ఱము పలకనుండి ఊడి లేచినది. పిల్లవాడు దానిని సంచిలో పెట్టి గోడకానించెను. నన్ను ఒక్క మాటయు అనలేదు. ఏమైన అన్నను బాగుండెడిది.

మరమ్మతు చేయువాడు చూచిన వెంటనే కారణము చెప్పెను. ఎవరో దానికి ఉక్కు తంత్రులు బిగించియుండిరి. ఈ వాద్యమునకు నేటి రూపమును స్థిరపఱచినవాడు స్పెయిన్ దేశపు శిల్పి ఆంతోనియో దె టోర్రెస్ (1817–1892). పూర్వము దీనికి జంతువుల ప్రేగులతో చేసిన తంత్రులు కట్టెడివారు. 1940 దశకమున న్యూయార్కులో ఆల్బర్ట్ అగస్టిన్ నైలాను తంత్రులను సిద్ధపఱచగా, విద్వాంసుడు ఆంద్రే సెగోవియా వానిని వాడి ప్రచారములోనికి తెచ్చెను. ఆరు నైలాను తంత్రుల లాగుడు మొత్తము సుమారు 40 కిలోలు. ఉక్కువైనచో దాదాపు అంతకు రెట్టింపు. పలుచని పలక దానినెట్లు ఓర్చును? క్లాసికల్ గిటారునకు సన్నని తంత్రులు మూడును వట్టి నైలానువి. లావువి మూడును నైలాను పోగులపై లోహపు తీగ చుట్టినవి. సన్నని తంత్రులు లోహపువిగా కనబడినచో ఆ బేరము విడువుడు.

రెండవసారి కొనబోవునపుడు పట్టు చీర నెట్లు వెలుతురున పఱచి చూతుమో అట్లే చూచితిని. మొదట గుఱ్ఱము వెనుక ఒక కాగితపు అంచును దూర్ప యత్నింపవలెను. దూరినచో జిగురు విడుచుచున్నదని అర్థము. పిదప దండి. వంగిన దండిని సరిచేయుటకు ఉక్కు తంత్రుల గిటారులలో సాధారణముగా లోపల మరచువ్య ఉండును; క్లాసికల్ వానిలో పెక్కింటికి అది లేదు. కావున దండి వంగినచో ఖర్చు వాద్యము వెలను మించిపోవచ్చును. ఒక తంత్రిని మొదటి మెట్టున, పండ్రెండవ మెట్టున ఒకేసారి అదిమిపట్టుడు. అపుడు ఆ తంత్రియే కొలబద్ద యగును. నడిమి మెట్టు వద్ద సన్నని సందు మాత్రము కనబడవలెను.

పండ్రెండవ మెట్టుపై లావు తంత్రి ఎత్తు 4 మిల్లీమీటర్లు, సన్నని తంత్రి ఎత్తు 3 మిల్లీమీటర్లు ఉన్న చాలును. అంతకు మిక్కిలి హెచ్చైనచో పసివాని వ్రేళ్లు నొచ్చును, అభ్యాసము మానును. గుఱ్ఱముపై నుండు సన్నని పట్టీని 2 మిల్లీమీటర్లు అరగదీసినచో ఇచట 1 మిల్లీమీటరు తగ్గును. కాని అరగదీయుటకు అంత పట్టీ మిగిలియున్నదా యని ముందే చూచుకొనవలెను. అదే మెట్టుపై తంత్రిని తేలికగా తాకి మీటుడు, వెంటనే అదిమి మీటుడు. రెండు స్వరములును ఒకటి కావలెను. వీణకైనచో మైనము కరగించి మెట్లు మరల అమర్చుకొందుము. గిటారు మెట్లు కొయ్యలో దిగగొట్టినవి, కదలవు.

చౌక గిటారుల పలక తఱచుగా పొరలు అతికించిన చెక్కయే. నడిమి రంధ్రపు అంచున ఆ పొరలు కనబడును. కొందఱు దానిని ఈసడింతురు. నాదము కొంత తక్కువే, నిజమే. కాని సముద్రపు తేమ, ఎండ రెండును గల మనబోటి ఊళ్లలో ఒంటిపలకకన్న అది పగుళ్లు తక్కువ పడును. మొదటి వాద్యమునకు నేను దానినే కోరుదును.

ఊరు విడిచి పోవుచున్న ఒక ఉద్యోగి ఇంట ఇట్టిది 2,500 రూపాయలకు దొరికినది. బేరమాడునపుడు క్రొత్త తంత్రుల ఖర్చును ముందే లెక్కలో వేసికొంటిని. క్రొత్త నైలాను కొన్ని దినములు సాగుచునే యుండును; శ్రుతి నిలువలేదని మొదటి వారమున వాద్యమును తిట్టకుడు. బిరడలు త్రిప్పుచు ఓర్చుకొనవలెను.

వాయించుటను గూర్చి నేను చెప్పగలిగినది స్వల్పము. కుడిచేతి బొటనవ్రేలు లావు తంత్రులను, తక్కిన మూడు వ్రేళ్లు సన్నని తంత్రులను మీటును. చిటికెనవ్రేలికి సాధారణముగా పని లేదు. పిల్లవాడు కార్కాస్సి (1792–1853) రచించిన అభ్యాసములు చేయుచున్నాడు. నేను దుకాణము కట్టిన పిదప మాయామాళవగౌళలో సరళీ వరుసలు మీటుచున్నాను. వీణ మీద వలె తంత్రిని లాగి గమకము పలికింతునన్న ఈ పొట్టి మెట్లపై సాగదు. మా ఆవిడ నవ్వుచున్నది. మొన్న రాత్రి చిన్నవాడు పుస్తకము మూసి వచ్చి, నా మణికట్టు క్రింద చేయి పెట్టి కొంచెము పైకెత్తి, "ఇట్లు పెట్టండి నాన్నగారూ" అనెను. పాత గిటారు ఇంకను ఆ మూలనే యున్నది. గుఱ్ఱము అతికించుటకు వచ్చే వారము పంపుచున్నాము. ఈసారి నైలాను తంత్రులే కొని ఉంచితిని.