ఉద్యోగము మారునప్పుడు ఆరోగ్య బీమా

నాంపల్లి మైదానములో ఏటేటా జనవరి 1వ తేదీన తెరచుకొను నుమాయిష్ సాధారణముగా 46 దినములు సాగును. 1938లో పబ్లిక్ గార్డెన్సులో పుట్టి, 1946లో ఇప్పటి స్థలమునకు తరలివచ్చిన ప్రదర్శన అది. ఆ నెలన్నర కాలము అచ్చటి అంగళ్లలో సరకు అమ్మువారు, మూటలు మోయువారు, దీపములు అమర్చువారు ఎందరో కూలి సంపాదించుకొందురు. ఫిబ్రవరి నడుమ ఆ కూలి ఆగిపోవును. పిమ్మట ఆబిడ్సులోని బట్టల కొట్టులోనో, జగదీశ్ మార్కెట్టులోని దుకాణములోనో మరల పని వెదకుకొనవలెను. ఒక పనికిని మరియొక పనికిని నడుమ పది దినములు గడచునో, రెండు మాసములు గడచునో ముందుగా తెలియదు. జ్వరము మాత్రము ఆ లెక్క చూచుకొని రాదు.

శ్రోతలారా, ఈ నడిమి కాలమును గూర్చియే నేటి ప్రసంగము. కూలివారికే కాదు, మేడలలో కూర్చుండి పనిచేయు ఉద్యోగులకును ఈ చిక్కు కలదు. నేడు పలు కంపెనీలు తమ ఉద్యోగులకెల్ల కలిపి సామూహిక ఆరోగ్య బీమా చేయించుచున్నవి. రాజీనామా చేసిన ఉద్యోగికి కడపటి పనిదినముతో అది సాధారణముగా ముగియును. క్రొత్త కంపెనీలో చేరిన దినమున మరల మొదలగును. నడుమ కాలమునకు పూచీపడువారు లేరు.

మొదట చిన్న జీతగాండ్ర సంగతి చెప్పెదను. ఏలయన, మేలైన ఏర్పాటు వారికే ఉన్నది. అది ఉన్నట్లు వారిలో చాలమందికి తెలియదు. 1948నాటి చట్టముతో ఏర్పడిన ఈ.ఎస్.ఐ. పథకములో, 2017 జనవరి నుండి, నెలకు 21,000 రూపాయల వరకు జీతము గలవారిని చేర్చిరి. 2019 జూలై నుండి జీతములో నూటికి 75 పైసలు పనివాడును, 3 రూపాయల 25 పైసలు యజమానియు చెల్లించునట్లు నిర్ణయించిరి. పని మానిన నాడే కార్డు చెల్లదని పలువురి నమ్మకము. “పనే పోయినాక ఇంకా కార్డెక్కడిది అన్నా!” అను మాట మన చెవిని పడుచునే యుండును. కాని నిబంధన అట్లు లేదు.

ఈ.ఎస్.ఐ.లో సంవత్సరమును రెండు చందా కాలములుగా విభజించిరి. ఏప్రిల్ 1 నుండి సెప్టెంబరు 30 వరకు ఒకటి. దానికి ఫలము మరుసటి జనవరి 1 నుండి జూన్ 30 వరకు. అక్టోబరు 1 నుండి మార్చి 31 వరకు రెండవది. దానికి ఫలము జూలై 1 నుండి డిసెంబరు 31 వరకు. ఒక చందా కాలములో 78 దినములకు తక్కువ కాకుండ చందా చెల్లియున్నచో, దానికి చెందిన ఫలకాలము ముగియువరకు వైద్యము పొందు హక్కు నిలిచియుండును. గన్‌ఫౌండ్రీలోని ఒక ముద్రణాలయములో పనిచేయు కార్మికుడు ఏప్రిల్ నుండి జూలై చివరివరకు చందా కట్టి, పిమ్మట పని కోల్పోయెననుకొందము. మరుసటి సంవత్సరము జూన్ 30 వరకు అతనికిని, అతనిపై ఆధారపడిన కుటుంబమునకును ఆసుపత్రి తలుపు తెరచియే యుండును. పదకొండు మాసముల వంతెన ఇది! దీనిని ఎరుగక, సనత్‌నగరు ఆసుపత్రికి పోవలసినవారు అప్పుచేసి మరియొకచోట చూపించుకొనుట కంటె విచారకరమైనది లేదు. అయితే యజమాని చందా నిజముగా జమచేసియుండవలెను. జీతమునుండి కోసినంత మాత్రమున చాలదు. సందేహమున్నవారు ఆదర్శనగరు హిల్‌ఫోర్ట్ రోడ్డులోని ప్రాంతీయ కార్యాలయమున విచారింపవచ్చును. ఆబిడ్సు కూడలి నుండి అది ఎంతో దూరము కాదు.

జీతము పెరిగి 21,000 దాటినవారి మాటయు ఇట్టిదే. మే మాసములో జీతము పెరిగినను సెప్టెంబరు చివరివరకు చందా సాగును. ఫలము మరుసటి జూన్ వరకు ఉండును. సొంత బీమా చూచుకొనుటకు అంత వ్యవధి దొరకినది కదా, దానిని వ్యర్థపుచ్చరాదు.

ఇక సొంత బీమా. మన దేశమున ఆరోగ్య బీమా సాధారణముగా ఏడాదికి వ్రాయబడును. కొన్ని మాసములకు మాత్రమే వ్రాసిన పాలసీలు ఒక్కమారు విరివిగా వచ్చినవి. బీమా నియంత్రణ సంస్థ ఆజ్ఞతో 2020 జూలైలో వెలువడిన కరోనా కవచ్ పాలసీలు మూడున్నర, ఆరున్నర, తొమ్మిదిన్నర మాసముల గడువుతో అమ్ముడుపోయినవి. ఆ అరమాసము ఏమందురా? మొదటి 15 దినములు నిరీక్షణ కాలము. అప్పుడు వ్యాధి సోకినచో సొమ్ము రాదు. అవి కరోనా ఒక్కదానికే. ఆ ఆజ్ఞ జారీచేసిన సంస్థ హైదరాబాదులోనిదే. బషీర్‌బాగు పరిశ్రమ భవనములో చాలకాలముండి, పిదప నానక్‌రాంగూడకు తరలినది.

నిరీక్షణ కాలమను ఈ మాటను గట్టిగా పట్టుకొనవలెను. సాధారణ పాలసీలో అది 30 దినములు. ప్రమాదములకు తప్ప తక్కిన వ్యాధులకు ఆ నెలలో పరిహారము లేదు. ఉద్యోగము వదలిన మరునాడు పాలసీ కొని, రెండు మాసములలో క్రొత్త ఉద్యోగమున చేరువారికి సగము కాలము రక్షణ లేకయే గడచును. కనుక రాజీనామా లేఖ ఇచ్చిన వారముననే కొనుట తెలివి. అప్పుడు నోటీసు కాలములోనే నిరీక్షణ తీరిపోవును. కంటి శుక్లము, హెర్నియా వంటివానికి 24 మాసములు ఆగవలసి యుండుట పెక్కు పాలసీలలో కలదు. మధుమేహము, రక్తపోటు వంటి పాతరోగములకు 2024లో వచ్చిన నిబంధనలు గరిష్ఠముగా మూడేండ్ల నిరీక్షణను అనుమతించినవి. అంతకు పూర్వము అది నాలుగేండ్లు.

ఏడాది ప్రీమియము ఒక్కసారి కట్టలేక నెలనెలా కట్టి, ఉద్యోగము దొరకగానే మానివేయుదమని కొందరి ఆలోచన. అట్లు చేయవచ్చును. కాని నడుమ పరిహారము కోరవలసివచ్చినచో, మిగిలిన వాయిదాలన్నియు అప్పుడే కట్టవలసినవగునను షరతు ప్రామాణిక పాలసీలలోనే ఉన్నది. సంతకమునకు ముందు చదువుడు. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జి.ఎస్.టి. తొలగించిరి, 18 శాతము భారము తగ్గినది.

సామూహిక బీమాలో నున్నవారికి వేరొక మార్గము కలదు. కంపెనీని వదలునప్పుడు, అదే బీమా సంస్థవారి వ్యక్తిగత పాలసీకి మారుటకు కోరవచ్చును. పాత పాలసీలో గడచిన నిరీక్షణ కాలము క్రొత్తదానిలో లెక్కకు వచ్చును. ఈ మార్పు ఉద్యోగమున నున్నప్పుడే అడుగవలెను. ఆఫీసువారు తమంత తాముగా చెప్పుదురని ఎదురుచూచుట వృథా.

అమెరికాలో బిడ్డలు గల తల్లిదండ్రులు ఈ నగరమున అనేకులు. అచ్చట 1985నాటి చట్టమును బట్టి, ఇరువదిమందికి తక్కువ కాని సిబ్బంది గల సంస్థలో ఉద్యోగము పోయినవాడు, సామాన్యముగా 18 మాసముల వరకు పాత బీమానే కొనసాగించుకొనవచ్చును. కాని యజమాని వాటాయు తానే కట్టవలెను. పైగా నూటికి రెండు రూపాయల ఖర్చు. ఆ మొత్తమునకు జడిసి స్వల్పకాల బీమా కొనువారు కలరు. అది చౌకయే. పాతరోగములకు మాత్రము అందు చోటుండదు.

మరల నాంపల్లికి వత్తము. నుమాయిష్ అంగడిలో కూలిచేసినవానికి ఈ.ఎస్.ఐ. లేకున్నను, అర్హత గల కుటుంబమైనచో ఆరోగ్యశ్రీ యున్నది. 2007లో ప్రారంభమైన ఈ పథకపు పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరున పది లక్షల రూపాయలకు పెంచిరి. అది పనితో ముడిపడినది కాదు. ఫిబ్రవరిలో అంగడి మూసినను పోదు. నా లెక్కలో ఇందరిలో నిజముగా ఇరుకున పడువాడు నడిమివాడు: ఈ.ఎస్.ఐ. పరిమితిని దాటిన జీతము, ఆరోగ్యశ్రీకి అందని ఇల్లు, సామూహిక బీమా ఎరుగని చిన్న దుకాణము. అట్టివానికి సొంత పాలసీ ఒక్కటియే ఆధారము. దానిని ఏటేటా గడువులోపల పునరుద్ధరించుకొనవలెను. గడువు దాటినను, ఏడాది ప్రీమియము కట్టువారికి 30 దినముల వెసులుబాటు కలదు. ఆలోగా కట్టినచో గడచిన నిరీక్షణ చెడదు. కాని సొమ్ము కట్టని ఆ దినములలో ఆసుపత్రిలో చేరినచో ఖర్చు తనదే. వేరొక సంస్థకు మారదలచినచో, గడువునకు 45 దినములు ముందుగానే దరఖాస్తు పెట్టుకొనవలెను.