పుస్తకమునుండి లేచిన కత్తిసాము



విద్యను గురుముఖమున నేర్వవలయునని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. గురువు గతించి, శిష్యపరంపర తెగిపోయి, పుస్తకము మాత్రము మిగిలినచో ఆ విద్యకు గతి యేమి? ఈ ప్రశ్నకు సమాధానమును నేను పండితసభలో గాక, ఐరోపా ఖండపు ప్రాచీన ఖడ్గవిద్యను సాధన చేయుచున్న యొక చిన్న సంఘమునందు కంటిని. ఆ సంఘపు నడవడియే నేటి నా ప్రసంగమునకు విషయము.

ఇంగ్లండు దేశపు ఉత్తరభాగమున లీడ్సు అను నగరము కలదు. నా కుమారుడు అచ్చట ఉద్యోగి యగుటచే ఒక శీతకాలము వాని యింట గడపితిని. ఆ నగరమందలి రాజాయుధ ప్రదర్శనశాలలో ఖడ్గవిద్యను గూర్చిన యొక గ్రంథము భద్రపరుపబడి యున్నది. ఐరోపాలో ఇంతవరకు దొరకిన యిట్టి గ్రంథములలో ఇదియే మిక్కిలి ప్రాచీనమని విద్వాంసులందురు. 14వ శతాబ్దపు పూర్వభాగమున జర్మనీ దేశమున పుట్టిన యీ గ్రంథమునకు 64 పుటలు. భాష లాటిను, పారిభాషిక పదములు కొన్ని జర్మను. బొమ్మలలో గురువు ఒక క్రైస్తవ పురోహితుడు, శిష్యుడొక విద్యార్థి. ఇరువురును ఒకచేత కత్తియు వేఱొకచేత చిన్న డాలును ధరించి యుందురు. తుది పుటలలో శిష్యుని స్థానమున వాల్పుర్గిస్ అను స్త్రీ కత్తి పట్టి నిలుచును.

ఇట్టి గ్రంథములు మఱి పెక్కులు కలవు. 14వ శతాబ్దమున లీక్టెనౌవర్ అను జర్మను ఆచార్యుడు తన విద్యనంతయు చిన్న చిన్న పద్యములుగా కట్టెను. పరులకు తెలియరాదని వానిని బుద్ధిపూర్వకముగనే గూఢముగా నుంచెను. మఱుసటి శతాబ్దమున కొందఱు వానికి వ్యాఖ్యలు వ్రాసిరి. మన సూత్రములును భాష్యములును వంటివే యనుకొనుడు. 15వ శతాబ్దారంభమున ఇటలీలో ఫియోరె అను నాచార్యుడు రచించిన గ్రంథమున ఒక పురుషుని చుట్టు నాలుగు మృగములు చిత్రింపబడినవి. వివేకమునకు అడవిపిల్లి జాతిది యొకటి, వేగమునకు పెద్దపులి, ధైర్యమునకు సింహము, స్థిరమైన బలమునకు బురుజును మోయుచున్న ఏనుగు. వివేకము తలపైనను, బలము పాదముల క్రిందను నుండుట గమనింపదగినది.

ఆ కాలమున ఈ విద్యకు రాజాదరణము కూడ నుండెను. 1487లో మూడవ ఫ్రెడరికు చక్రవర్తి జర్మను ఖడ్గాచార్యుల సంఘమునకు అధికారపత్ర మొసగెను. 1540లో ఇంగ్లండు రాజగు ఎనిమిదవ హెన్రీ లండను ఆచార్యులకు అట్టి యాదరమునే చూపెను. పిదప తుపాకులు వచ్చెను, యుద్ధరీతి మాఱెను, సన్నని తేలిక కత్తులు వాడుకలోనికి వచ్చెను. రెండు చేతులతో పట్టు పొడవుకత్తి గోడమీది యలంకారమయ్యెను. నేర్పువారును నేర్చువారును లేక పరంపర తెగెను.

1885లో ఎగర్టన్ కాజిల్ అను నాంగ్లేయుడు ఈ విద్య చరిత్రను గ్రంథముగా వ్రాసెను. ఆతని మిత్రుడు ఆల్ఫ్రెడ్ హట్టన్ పాతగ్రంథములు వెదకి, అందలి ప్రయోగములను లండనులో సభలయెదుట ప్రదర్శించెను. ఈ హట్టను యౌవనమున మన దేశమందే సైన్యాధికారిగా నుండి, తన పటాలమున ఖడ్గసాధనకై సంఘమొకటి నెలకొల్పి, దానికొఱకే 1862లో తన మొదటి చిన్న పుస్తకమును వ్రాసెను. 1910లో ఆతడు గతించిన పిమ్మట ఆ యుత్సాహము మరల చల్లారెను. 1990 ప్రాంతమునుండి అది తిరిగి రగిలి, నేడు ఐరోపా, అమెరికా ఖండములలో నెన్నో ఊళ్ల యందు చిన్న చిన్న సంఘములుగా వ్యాపించి యున్నది.

నేను చూచినది అట్టి సంఘములలో నొకటి. వారికి సొంత భవనము లేదు. వారమునకు రెండు సాయంకాలములు ఒక పాఠశాల వ్యాయామశాలను అద్దెకు తీసికొందురు. వచ్చువారిలో వడ్రంగి యొకడు, ఆసుపత్రి దాది యొకతె, గ్రంథాలయోద్యోగి యొకడు, విద్యార్థులు కొందఱు, నా యీడు ముసలమ్మ యొకతె. కత్తులు ఉక్కువే గాని అంచులు మొద్దు, పొడిచినపుడు వంగునట్టివి. నాలుగడుగుల పొడవైనను బరువు ఒకటిన్నర కిలోగ్రాములకు ఇంచుమించు. పూర్వపు కత్తులును ఇంచుమించుగా నింతే తూగుచుండెను. మణుగు బరువు కత్తులను వీరులు త్రిప్పిరనుట కథ. తలకు తీగెల ముసుగు, కంఠమునకు కవచము, ఒడలికి మందపు దూదియంగీ, చేతులకు గట్టి తొడుగులు ధరింతురు. ఈ సామగ్రి వెల యెక్కువ. కొనలేని వానికొఱకు సంఘపు పెట్టెలో కొన్ని యుంచుదురు.

మొదట కత్తి యెత్తి ఒకరికొకరు వందనము చేయుదురు. తరువాత చాలసేపు అడుగుల సాధన. ఆ వెనుక నిలుకడలు. లీక్టెనౌవరు చెప్పిన నాలుగు నిలుకడలలో మొదటిది ఎద్దు: పిడి తలప్రక్కను, మొన కొమ్మువలె ముందునకు. రెండవది నాగలి: పిడి నడుము దగ్గఱ, మొన పైకి. మూడవది మూఢుడు: మొన నేలవైపు వాలి, తెలివి లేనివానివలె కనబడును. నాలుగవదియగు పై నిలుకడ పేరునకు దినమని కొందఱు, ఇంటికప్పని కొందఱు అర్థము చెప్పుదురు. ఎద్దును నాగలియును విన్నప్పుడు, ఈ విద్య కోటలలోనే గాక పొలముగట్ల నెఱిగినవారి నోటను పెరిగినదని నాకు తోచినది.

నన్ను మిక్కిలి యాకర్షించినది వారి శాస్త్రచర్చ. గోడదగ్గఱ నొక పీటపై పుస్తకము తెఱచి యుండును. ఒకనాడు వక్రఘాతమను ప్రయోగమును గూర్చి వాదము పుట్టెను. ఎదుటివాని చేతులమీదికి చేతులు పెనవైచి కొట్టవలయునని మూలము. ఏ యంచుతో కొట్టుట, అడుగు ఎంత ప్రక్కకు వేయుట యనుచోట అభిప్రాయభేదము. దాది మూలమును చదివెను. వడ్రంగి వేఱొక వ్యాఖ్యను చూపెను. మేము గురుకులమున కౌముది చదువునపుడు ఒక్క పదముపై ప్రొద్దుపోవు దాక పోరిన విధముననే వీరును పోరిరి. ఒక భేదము మాత్రము కలదు. మా వాదము మాటతో ముగిసెడిది. వీరి వాదమునకు కత్తియే తీర్పరి. ఇద్దఱు లేచి మొదట మెల్లగను, తరువాత వడిగను ఆ యర్థమును పరీక్షించిరి. వడ్రంగి చెప్పిన తీరున కొట్టినవానికే ముందుగా దెబ్బ తగిలెను. అంతట నాతడు కోపగింపక మరల పుస్తకము కడకు పోయి, “మూలము మఱియొకమాఱు చదువుదము” అనెను.

మఱియొక యాచారమును మీకు ముఖ్యముగా చెప్పవలయును. పోటీలందు తీర్పరులుందురు గాని నిత్యసాధనలో ఎవ్వరును ఉండరు. దెబ్బ తిన్నవాడే చేయి యెత్తి, “తగిలినది” అని చెప్పవలయును. కొట్టినవాడు చెప్పుకొనరాదు. ఇద్దఱకును ఒక్కసారి తగిలినచో ఇద్దఱును ఓడినట్లే. నిజమైన కత్తులైనచో ఇరువురును నేలబడియుందురు గదా యని వారి న్యాయము. దానిని విన్నప్పుడు, సరిహద్దు గట్టుకొఱకు ఇరువదియేండ్లు వ్యాజ్యమాడి, ఇద్దఱును భూములమ్ముకొన్న గృహస్థులు నాకు జ్ఞప్తికి వచ్చిరి.

బలము చూపగోరి గట్టిగా కొట్టు పడుచువాడొకడు వచ్చెను. ఆచార్యుడు వానిని గద్దింపలేదు. కత్తి క్రింద బెట్టించి, ఆనాటికి పుస్తకము చదివి తక్కినవారికి వినిపించు పని వానికొసగెను. మఱువారము వాడు ఆ ముసలమ్మతో జతగూడి మెల్లగా సాధన చేయుట చూచితిని. ఆమె వానిని రెండుమాఱులు తాకెను. రెండుమాఱులును వాడే చేయి యెత్తెను.

ఇంత శ్రమపడియు వారు పొందలేనిది యొకటి కలదు. బొమ్మయందు నిలుకడ కనబడును గాని నడక కనబడదు. ఒక నిలుకడనుండి మఱియొకదానికి పోవు నడిమి కదలికను ఏ చిత్రకారుడును వ్రాయలేదు. అది గురువు చేతినుండి శిష్యుని చేతికి రావలసినది. ఆ సంఘపు ఆచార్యుడు తన శిష్యులతో, “ఇది మూలము, ఇది మా యూహ” అని వేఱు వేఱుగ చెప్పును. ఆ నిజాయితీకి నేను నమస్కరించితిని. అయినను ఆ మాటలో నొక వ్యథ కలదు. ఒక్క తరము నేర్పకుండుటచే పోయినదానిని ఎన్నియో తరములు వెదకుచున్నవి.

మన సంగతి చూడుడు. అగ్నిపురాణమున ధనుర్వేదభాగమందు భ్రాంతము, ఉద్భ్రాంతము, ఆవిద్ధము మొదలుగా ఖడ్గపు కదలికలు ముప్పదిరెండు చెప్పబడినవి. పేర్లు మిగిలినవి, బొమ్మలును లేవు. పేరునుబట్టి అర్థము చెప్పగలను గాని, ఆవిద్ధమున మణికట్టు ఎట్లు తిరుగునో నేను చూపలేను. కాని మనకు పరంపర పూర్తిగా తెగలేదు. కోనసీమలో అమలాపురమున దసరా పండుగలకు తాలింఖానావారు నేటికిని వీథులలో కత్తులు, కఱ్ఱలు త్రిప్పుచున్నారు. మీ మీ గ్రామములలో కఱ్ఱసాము తెలిసిన వృద్ధుడు ఒక్కడైన నుండవచ్చును. ఆతనికి పద్యము రాకపోవచ్చును, వ్రాత రాకపోవచ్చును. లీడ్సు నగరపు పుస్తకమున లేని నడిమి కదలిక ఆతని మోకాళ్లలో నున్నది.

కావున గ్రామపెద్దలగు మిమ్ము నేను కోరునది స్వల్పము. ఆ వృద్ధుని పిలిపింపుడు. పంచాయతి యావరణమందో, బడి మైదానమందో సాయంకాలము నలుగురు పిల్లలను ఆతని కొప్పగింపుడు. బాలికలను విడువకుడు. చేతనున్న ఫోనుతో ఆతని సామును చిత్రించి దాచుడు. అడుగుల పేర్లు ఆతడు చెప్పినట్లే వ్రాసికొనుడు. చిత్రము తీసితిమి గదా యని పిల్లలను మానిపింపకుడు. చిత్రము రెండవది, శిష్యుడు మొదటివాడు. గ్రంథము విద్యకు కావలియే గాని విద్య కాదు.

సముద్రముల కావల, తమ పూర్వుల పోయిన విద్యకొఱకు వడ్రంగియు, దాదియు, ముసలమ్మయు చలిలో నడచి వచ్చి పాత పుటలు త్రిప్పుచున్నారు. మనకు త్రిప్పవలసినవి పుటలు కావు, ఇంకను జీవించి యున్నవారి గడపలు. అవి మూతపడకముందే పోవుదము. సెలవు.