నల్ల రాయి, తెల్ల ఇసుక: మారిషస్ తీరం కథ

మన కూచిపూడి వైపు వాళ్ళకి సముద్రం అంటే మంగినపూడి, లేదంటే హంసలదీవి. అక్కడ కాళ్ళ కింద ఏముంటుంది? కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు. వెతికినా పెద్ద రాయి కనపడదు. ఇవాళ దీనికి పూర్తి రివర్స్‌లో ఉండే తీరం చూద్దాం. మడగాస్కర్‌కి తూర్పున ఉన్న మారిషస్.

ఇది అగ్నిపర్వతం కక్కిన లావాతో పుట్టిన దీవి. వయసు దాదాపు 80 లక్షల ఏళ్ళు. ఇప్పుడంతా చల్లబడిపోయింది. క్యూర్‌పీప్ ఊళ్ళో పాత అగ్నిపర్వత బిలం ఒకటి ఉంది, లోపల చెట్లు మొలిచాయి, జనం దాని అంచు మీద వాకింగ్ చేస్తారు. షామరెల్‌లో ఎరుపు, గోధుమ, ఊదా రంగుల్లో మట్టి దిబ్బలు. లావా రాయి ఏళ్ళ తరబడి వానకి నాని మట్టయిపోతే, అందులో మిగిలిన ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల రంగులవి. సగం తుప్పే అన్నమాట!

చెరకు తోటల మధ్యలో నల్ల రాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. అవి లావా పేర్చినవి కాదు. పొలం చెయ్యడానికి ముందు బానిసలు, తర్వాత మన దేశం నుంచి వెళ్ళిన కూలీలు ఏరి పోసిన రాళ్ళు. వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడ ఎక్కారు కాబట్టి, అక్కడ వాళ్ళని కోరంగీలు అనేవారు.

సరే, రాయి నల్లగా ఉంటే బీచ్ ఇసుక తెల్లగా ఎందుకుంది? ఎందుకంటే అది రాయి అరిగి వచ్చింది కాదు, పగడాలు, గవ్వలు నలిగి వచ్చింది. దీవి చుట్టూ దాదాపు 150 కిలోమీటర్ల మేర కోరల్ రీఫ్ ఉంది. పెద్ద అలలు దూరంగా అక్కడే విరిగిపోతాయి. ఒడ్డున నీళ్ళు చెరువులా ఉంటాయి. దక్షిణాన గ్రీ గ్రీ దగ్గర మాత్రం ఆ గోడ లేదు. అల నేరుగా వచ్చి నల్ల కొండని కొడుతుంది. ఫొటోలు చూసి అక్కడ ఈతకి దిగకండి బాబూ!

గోడ లేకపోతే ఏమవుతుందో మన దివిసీమకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1977 నవంబర్ 19. మా అమ్మమ్మ ఇప్పటికీ ఏదైనా చెప్పాలంటే "ఉప్పెనకి ముందు", "ఉప్పెన తర్వాత" అనే లెక్కపెడుతుంది. మన బురద నీళ్ళలో పగడాలు పెరగవు. మన గోడ మడ అడవి. దాన్ని నరికి రొయ్యల చెరువులు తవ్వుకున్నాం. నాకైతే ఇది కడుపు మండే విషయం.

వాళ్ళ గోడా క్షేమంగా లేదు. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడిపోతున్నాయి. 2020 జూలైలో వకాషియో అనే ఓడ రీఫ్‌కి గుద్దుకుంది, ఆగస్టులో దాదాపు వెయ్యి టన్నుల చమురు కారింది. అప్పుడు జనం చెరకు ఆకు గుడ్డల్లో కుక్కి, పొడవాటి తాళ్ళలా కుట్టి నీళ్ళలో పరిచారు. చమురు పీల్చుకుంటుందని కొందరు జుట్టు కత్తిరించి ఇచ్చారు.

వచ్చే ఎపిసోడ్ కోరంగి నుంచే. ఆ పాత రేవు ఇప్పుడు లేదు, చుట్టూ మడ అడవి ఉంది. పడవలో వెళ్ళి చూపిస్తా. ఉంటానండీ, బై!