పరిశోధనకును ఒక పాలు



కోనసీమవారికి దానమును గూర్చి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుటయే యగును. లంకలగన్నవరమున, 1909లో కన్నుమూయువఱకు, వేళగాని వేళ వచ్చినవారికిని అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి సీమ యిది. మేమిపుడు కోరునది ఫలము నాటి సాయంకాలమునకే కంటబడని దానము.

మాట రావలసిన ప్రాయమున రాక, పిలిచిన పలుకక, ఒకే యాటను గంటలకొలది తమలో తామాడుకొను పిల్లలు మన యిండ్లలోను గలరు. దీనిని వైద్యులు ఆటిజమందురు. 1943లో అమెరికాయందు లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వర్ణించెను. పిమ్మట చాలకాలము పండితులనిపించుకొన్నవారే, తల్లిప్రేమ చాలక బిడ్డ యిట్లయ్యెనని వ్రాసిరి. ఆ నిందను తుడిచినది ఓదార్పు కాదు, పరిశోధన. తానును అట్టి బిడ్డకు తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో గ్రంథము వ్రాసి దానిని ఖండించెను. 1977లో బ్రిటనునందు 21 కవలజంటలను పరిశీలింపగా, ఏకరూపులైన 11 జంటలలో నాల్గింట ఇరువురికిని ఆటిజము కనబడెను. తక్కిన 10 జంటలలో ఒక్కదానియందును అట్లు కనబడలేదు. పెంపకమునుబట్టి గాక పుట్టుకనుబట్టియే వచ్చునను మాటకు బలము చేకూరెను.

మనలో ఆ నింద యింకను పోలేదు. గ్రహణమునాడు కదలినదని కోడలినే యందురు. సంబంధములు చెడునని బిడ్డను నలుగురిలోనికి తేరు. ఈ సభలోను అట్టి తల్లులుందురేమో. వారు తలవంచుకొన బనిలేదు.

ఇక ధనమేల యందురా? ఇంతవఱకు జరిగిన వంశక్రమపరిశోధనలో అధికభాగము ఐరోపాసంతతివారిని గూర్చినది. మేనరికములు వాడుకగాగల మనవారిలో తెలిసికొనవలసినది చాల మిగిలియున్నది. 1984లో సికిందరాబాదున కేంద్రప్రభుత్వము నెలకొల్పిన సంస్థ, మనదేశపు బిడ్డలకు దగినట్లు 40 అంశముల పరీక్ష నొకదానిని సిద్ధపఱచినది. ఇట్టి పనికి ఏండ్లు పట్టును. కొబ్బరిమొక్క నాటి కాపునకై కాచుకొను మనకిది క్రొత్తగాదు.

కావున సంఘనిధినుండి ఏటేట కొంత పాలు, లెక్కలను ఫలితములను బహిరంగముగా ప్రకటించు పరిశోధనాలయములకే యీయవలెనని మా ప్రతిపాదన. మందుతో కుదుర్తుమని పలుకువారికి ఒక్క కాసైన నీయరాదు. ఈ దానమునకు శిలాఫలకము లేదు. ఇచ్చువారు నేటి సాయంకాలము కోశాధికారిగారి పుస్తకమున మొత్తము మాత్రము వ్రాయింప ప్రార్థన.